బరువు కదలని మూడో నెల: కొత్తవారు అక్కడే ఎందుకు ఆగిపోతున్నారు?

వ్యాయామశాలలో చేరిన మొదటి వారం ఒళ్లంతా నొప్పులు. ఆ తరువాత నెలన్నర పాటు ఉత్సాహం. వారం వారం ఎత్తే బరువు పెరుగుతూ ఉంటుంది. నిన్న మోయలేననిపించిన డంబెల్ ఇవాళ తేలికవుతుంది. మూడో నెలలో ఒకనాడు బరువు ఛాతీ మీది నుంచి లేవదు. మరునాడూ లేవదు. అద్దంలో చూసుకుంటే దేహంలో చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించదు. పక్కనే మరొకరు అంతకు రెట్టింపు బరువును అవలీలగా ఎత్తి దింపుతుంటారు. ఇది తన ఒంటికి సరిపడే పని కాదన్న నిర్ణయానికి కొత్తవారు తరచుగా వచ్చేది ఇటువంటి రోజుల్లోనే.

ఆ నిర్ణయం తొందరపాటు అనడానికి శరీరధర్మ శాస్త్రంలో తగిన కారణం ఉంది. మొదటి రెండు నెలల్లో పెరిగిన బలమూ, ఆ తరువాత పెరగవలసిన బలమూ ఒకే మూలం నుంచి రావు. మొదటిది నెమ్మదించే సమయానికి రెండోది ఇంకా కంటికి కనిపించే దశకు చేరదు. ఆ నడిమి వ్యవధిలోనే చాలామంది ఆగిపోతారు.

ముందుగా నేర్చుకునేవి నరాలు

కండరం అనేది సన్నని తంతువుల కట్ట. వెన్నుపాము నుంచి వచ్చే ఒక్కొక్క నాడీకణం కొన్ని తంతువులకు ఆజ్ఞ ఇస్తుంది. బరువులు ఎత్తే అలవాటు లేని మనిషికి కావలసినంత కండరం ఉన్నా, దానినంతటినీ ఒకేసారి పనిలోకి దించే నేర్పు ఉండదు. ఊరి తేరును లాగేటప్పుడు మోకు పట్టుకున్నవారు వందమంది ఉన్నా, ఒకరు ముందూ ఒకరు వెనుకా లాగితే చక్రం కదలదు. అందరూ ఒక్క కేకతో లాగితే అదే జనంతో తేరు కదులుతుంది. మొదటి వారాల సాధనలో దేహం నేర్చుకునేది ఆ కేక వేయడమే. ఎక్కువ తంతువులను పిలవడం, వేగంగా పిలవడం, ఎదురు లాగే కండరాలను సడలించడం, బార్‌ను సరైన దారిలో నడపడం, ఇవన్నీ నాడీ వ్యవస్థ పనులు.

మొరిటాని, డివ్రీస్ అనే పరిశోధకులు 1979లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్ని స్పష్టం చేసింది. 8 వారాల సాధనను వారు పరిశీలించారు. తొలి వారాల్లో కనిపించే బలంలో అధికభాగం నాడీ వ్యవస్థ సర్దుబాటు వల్ల వస్తుందని, కండరం పెరుగుదల వాటా ఆ తరువాత క్రమంగా హెచ్చుతుందని తేల్చారు. తదుపరి పరిశోధనలు వివరాలను సవరించినా ఈ మూలసూత్రం నిలిచింది.

కండరం పెరగడం మాత్రం ఇల్లు కట్టడం వంటిది. ప్రతి సాధన తరువాత కొన్ని గంటల పాటు, కొత్తవారిలో ఒకటి రెండు రోజుల పాటు, దేహం కొత్త మాంసకృత్తులను చేర్చుకుంటూ ఉంటుంది. ఒక్కొక్కసారి చేరేది అత్యల్పం. అద్దంలో తేడా తెలియడానికి నెలలు పడుతుంది. మొదటి దశలో అంకెలు చకచకా పెరుగుతాయి గాని అద్దంలో ఏమీ కనిపించదు. రెండో దశలో కండరం నిజంగా పెరగడం మొదలవుతుంది గాని అంకెలు మందగిస్తాయి. ఏ దశలోనైనా నిరాశపడదలచుకుంటే కారణం సిద్ధంగానే ఉంటుంది!

నొప్పి చెప్పేదేమిటి?

మొదటి వారంలోనే మానేసేవారి సంగతి వేరు. వారిని వెనక్కి పంపేది ఒళ్లు పట్టేయడం. సాధన చేసిన మరునాడు మొదలై 24 నుంచి 72 గంటల మధ్య తీవ్రమయ్యే ఈ నొప్పి, కండరం బరువును ఆపుతూ సాగినప్పుడు ఎక్కువగా వస్తుంది. బరువును నెమ్మదిగా దింపడం, కొండ మెట్లు దిగడం అటువంటి పనులే. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం వల్ల ఈ నొప్పి వస్తుందన్న మాట ఇప్పటికీ జిమ్‌లలో వినిపిస్తుంది. అది సరికాదు. సాధన ముగిసిన గంట, రెండు గంటల్లోనే ఆ ఆమ్లం రక్తంలో మామూలు స్థాయికి దిగిపోతుంది.

ఒకసారి ఈ నొప్పిని అనుభవించిన కండరం, అదే పనిని కొద్ది రోజుల తరువాత మళ్లీ చేసినప్పుడు చాలా తక్కువగా నొస్తుంది. ఆ రక్షణ కొన్ని వారాల పాటు ఉంటుంది. మొదటి వారపు బాధను చూసి సాధన అంటే ఎప్పుడూ ఇంతేనని భయపడనక్కరలేదు. నొప్పి లేని రోజున సాధన వృథా అయిందని అనుకోనక్కరలేదు కూడా. కొందరు శిక్షకులు నొప్పినే కొలతగా చూపిస్తారు. అది నమ్మదగిన కొలత కాదు.

కీలులో పోటు, వాపు, చేతికో కాలికో తిమ్మిరి, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వంటివి మాత్రం వేరే కోవకు చెందుతాయి. తీవ్రమైన సాధన తరువాత మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దెబ్బతిన్న కండరంలోని పదార్థాలు మూత్రపిండాలను చేరాయనడానికి అది సూచన కావచ్చు. గుండె జబ్బు గాని, అదుపులో లేని రక్తపోటు గాని ఉన్నవారు వైద్యుని సలహా తీసుకున్న తరువాతే బరువుల జోలికి వెళ్లడం మంచిది.

ఎత్తలేకపోవడం కూడా లెక్కలోనిదే

వెయిట్ లిఫ్టింగ్ పోటీ నియమాలను గమనిస్తే, వైఫల్యానికి ఆ క్రీడలోనే చోటు కేటాయించినట్టు కనిపిస్తుంది. స్నాచ్‌లో మూడు అవకాశాలు, క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు అవకాశాలు ఉంటాయి. రెండింటిలోనూ ఎత్తిన గరిష్ఠ బరువులను కలిపి మొత్తం లెక్కిస్తారు. ఒక విభాగంలో మూడూ విఫలమైతే ఆ క్రీడాకారునికి మొత్తం అనేదే ఉండదు.

2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో మణిపూర్‌కు చెందిన మీరాబాయి చానుకు జరిగింది అదే. 48 కిలోల విభాగంలో పోటీపడిన ఆమె స్నాచ్‌లో ఒక్కసారి మాత్రమే సఫలమయ్యారు. క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు ప్రయత్నాలూ విఫలమయ్యాయి. ఫలితాల పట్టికలో ఆమె పేరు పక్కన మొత్తం బరువు లేదు. మరుసటి ఏడాది, 2017లో, అమెరికాలోని అనాహైమ్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 194 కిలోలు ఎత్తి ఆమె స్వర్ణం గెలిచారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 49 కిలోల విభాగంలో 202 కిలోలతో రజతం అందుకున్నారు. 2024 పారిస్‌లో 199 కిలోలతో నాలుగో స్థానంలో ఆగిపోయారు. ఈ అంకెలను వరుసగా రాస్తే గీత తిన్నగా పైకి పోదు.

శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి కథ ఇంకొక తీరు. మహిళల వెయిట్ లిఫ్టింగ్ తొలిసారిగా చోటు సంపాదించిన 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో, 69 కిలోల విభాగంలో ఆమె 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తారు. మొదటి ఇద్దరి మొత్తం 242.5 కిలోలు. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకు సిద్ధపడి ఆమె ఎత్తలేకపోయారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళగా చరిత్రలో నిలిచిన ఆ రోజున కూడా ఆమె చేతిలోని ఆఖరి బరువు నేలకే చేరింది. (మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు పుట్టిన వీరఘట్టం కూడా ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాలోనిదే. బలానికి ఆ నేల కొత్త కాదు.)

వ్యాయామశాలలో కొత్తగా చేరిన వారిని ఒలింపియన్లతో పోల్చడం అసంబద్ధంగా తోచవచ్చు. పోలిక ప్రతిభలో కాదు, విఫలమైన బరువును చదివే పద్ధతిలో ఉంది. క్రీడాకారిణి చేజార్చిన బరువును శిక్షకుడు ఒక సమాచారంగా తీసుకుంటాడు. బార్ ముందుకు వాలిందా, విశ్రాంతి చాలలేదా, ఎంచుకున్న అంకె ఎక్కువైందా అని చూస్తాడు. కొత్తవారు అదే సంఘటనను తమ స్వభావం మీద వచ్చిన తీర్పుగా తీసుకుంటారు.

బరువు ఆగిపోయిన రోజున చేయవలసింది

పుస్తకం లేకుండా సాధన చేయడం ఖాతా లేకుండా వ్యాపారం చేయడం వంటిదే. ఏ రోజు ఏ వ్యాయామం, ఎంత బరువు, ఎన్నిసార్లు అన్నది ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకుంటే, అద్దంలో కనిపించని మార్పు అక్కడ కనిపిస్తుంది. గత నెలలో 30 కిలోలను ఆరుసార్లు ఎత్తినవారు ఈ నెలలో అదే 30 కిలోలను తొమ్మిదిసార్లు ఎత్తుతున్నారంటే బరువు కదలకపోయినా బలం పెరిగినట్టే.

రాసుకునేటప్పుడు బార్ బరువునూ కలపాలి. పురుషుల ప్రామాణిక బార్ 20 కిలోలు, మహిళలది 15 కిలోలు. ఏమీ ఎక్కించని బార్‌తో సాధన చేస్తున్నందుకు సిగ్గుపడేవారు నిజానికి దాదాపు ఒక బియ్యం బస్తా అంత బరువును తలపైకి ఎత్తుతున్నారు.

రెండు మూడు వారాల పాటు ఒకే అంకె దగ్గర ఆగిపోతే, బరువును పదోవంతు తగ్గించి, కదలికను సరిచేసుకుంటూ మళ్లీ పైకి రావడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి. ఒక్కసారిగా ఐదు కిలోలు పెంచే బదులు రెండు వైపులా 1.25 కిలోల చిన్న పళ్లేలు వేసుకోవచ్చు. వాటిని వాడటం చిన్నతనంగా భావించేవారు ఉన్నారు గాని, నెలకు ఒక్కసారి అలా పెంచినా ఏడాదికి 30 కిలోలవుతుంది. అంత ప్రగతి ఎవరికైనా గర్వకారణమే. రోజూ చేయవలసిన పని కూడా లేదు. మొదటి ఏడాది వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో విశ్రాంతి, చాలినంత నిద్ర ఉంటే సరిపోతుంది.

తిండి విషయంలో దుకాణాల కంటే వంటగదికే ఎక్కువ పని ఉంది. భారత వైద్య పరిశోధన మండలికి చెందిన జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్‌లో ఉంది. అది సిఫారసు చేసిన ప్రకారం సాధారణ వయోజనులకు దేహం బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి అది దాదాపు 50 గ్రాములు. బరువులు ఎత్తేవారికి కొంత ఎక్కువ అవసరం. తెలుగువారి కంచంలో అన్నం గుట్టగానూ పప్పు పలుచగానూ ఉండటమే అసలు చిక్కు. పప్పు చిక్కబడి, గుడ్డో పెరుగో శనగలో చేపో తోడైతే లెక్క చాలావరకు సరిపోతుంది. కండ పెంచుకోవడం కోసం ప్రొటీన్ పొడులను వాడవద్దని అదే సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో హితవు చెప్పింది. త్వరగా ఫలితం చూపిస్తామంటూ ఎవరైనా సూదిమందు గాని మాత్రలు గాని ఇవ్వజూపితే అక్కడి నుంచి బయటికి రావడమే క్షేమం. స్టెరాయిడ్లు గుండెనూ కాలేయాన్నీ సంతానశక్తినీ దెబ్బతీస్తాయి.

కండ ఎవరికి కావాలి?

ఇదంతా యువకుల సోకు వ్యవహారమని పెద్దలు తేలికగా తీసిపారేస్తారు. భోజనం తరువాత రక్తంలో చేరే గ్లూకోజ్‌ను అత్యధికంగా స్వీకరించేది ఎముకలకు అంటుకుని ఉన్న ఈ కండరమే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్టు అంచనా వేసింది. 30 ఏళ్లు దాటిన తరువాత వాడని కండరం దశాబ్దానికి కొంత చొప్పున తరుగుతూ పోతుంది. వయోజనులంతా వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెప్పడం వెనుక ఈ కారణాలున్నాయి. నడక మంచిదే గాని అది ఈ లోటును పూర్తిగా పూడ్చదు.

బరువులు ఎత్తితే మగవారిలా తయారవుతామన్న భయం స్త్రీలలో ఉంది. టెస్టోస్టెరాన్ స్థాయి స్త్రీలలో చాలా తక్కువ కనుక వారానికి రెండు మూడు రోజుల సాధనతో అటువంటిది జరగదు.

వయసు మీరిందన్న అభ్యంతరానికి జవాబు 1990లో అమెరికా నుంచి వచ్చింది. బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో సగటున 90 ఏళ్ల వయసున్న పదిమంది బలహీనులైన వృద్ధుల చేత 8 వారాల పాటు కాళ్లతో బరువులు ఎత్తించారు. చివరి వరకు నిలిచిన తొమ్మిదిమందిలో కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. నడక వేగం కూడా మెరుగుపడింది.

ఇప్పటికే మానేసినవారి విషయానికి వస్తే, వారు మొదటికి రాలేదు. ఒకసారి సాధన చేసిన కండరం విరామం తరువాత మొదటిసారికన్నా త్వరగా బలాన్ని తిరిగి పొందుతుంది. నరాలు నేర్చిన పని, ఈతలా, సైకిలులా, చాలాకాలం నిలిచి ఉంటుంది. మళ్లీ మొదలుపెట్టేవారు పాత పుస్తకంలోని చివరి అంకెలో సగంతో ప్రారంభించి, మొదటి రెండు వారాలు ఇంకా ఎత్తగల శక్తి మిగిలి ఉండగానే ఆపడం మేలు. ఒళ్లు మళ్లీ కొంత పట్టేస్తుంది. రెండు మూడు రోజుల్లో అది తగ్గుతుంది.