నల్లకుంటలో కుంట యేది?

2025వ సంవత్సరము దసరా పండుగకు మా మేనమామగారు పల్లెనుండి మా యింటికి వచ్చిరి. ఎనుబదియేండ్లు నిండినవారు. తమ యూరి చెరువునకు చిరకాలము నీరటికాడుగా నుండి, తూము తీయుట, మూయుట, ఏ మడికెంత నీరు పోవలెనో చూచుట తమ పనిగా బ్రదికినవారు. వారిని నల్లకుంట కూరగాయల బజారునకును, శంకరమఠమునకును త్రిప్పితిని. ఫీవరాసుపత్రి గోడ వెంబడి నడిపించితిని. మూడవనాటి ప్రొద్దున వారు వసారాలో కూర్చుండి నన్నొక ప్రశ్న యడిగిరి: "అల్లుడా, మూడు దినాల సంది చూస్తున్న. మీ నల్లకుంటల కుంట ఏడున్నదిరా?"

ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు వ్యాకరణము చెప్పినవాడను. నల్లనైన కుంట నల్లకుంట, విశేషణ పూర్వపద కర్మధారయము. సమాసమును విడదీసి చూపగలను గాని కుంటను జూపలేకపోతిని. మా వీధి పిల్లల వ్యుత్పత్తి వేఱు. హైదరాబాదులో మంచినీళ్ళ కొళాయిని నల్లా యందురు గనుక, నల్లాలున్న చోటు నల్లకుంట యని వారి తలంపు. వారిని తప్పుపట్టుటకును వీలులేదు. వారెఱిగిన నీరంతయు నల్లాలో వచ్చినదే.

నల్లకుంటను జూపలేక, మామగారిని దగ్గఱలోనే బాగ్ అంబరుపేటలో నున్న బతుకమ్మకుంటకు దీసికొని పోతిని. దాని కథ వినదగినది. 1962-63 నాటి లెక్కలలో ఆ కుంట 14 ఎకరముల 6 గుంటలు. చుట్టును విడువవలసిన ఒడ్డు నేలతో గూడ 16 ఎకరములకు మించును. ఇటీవల కొలిచి చూడగా మిగిలినది 5 ఎకరముల 15 గుంటలు. ఆ మిగిలినదియు నీరు కాదు, కూలిన ఇండ్ల మన్ను, రాళ్ళు, ముళ్ళపొదలు. చూచినవారెవరైనను "ఇది ఖాళీ జాగా" యనియే యందురు. అట్లే యని, ఇది మాదే యని కోర్టుకెక్కినవారును గలరు.

2024 జూలైలో ప్రభుత్వము హైడ్రా యను సంస్థను స్థాపించినది. నగరములోని చెరువులను, ప్రభుత్వ స్థలములను కాపాడుట దాని పని. ఇండ్లు కూల్చు విషయమున ఆ సంస్థను ప్రజలును ప్రశ్నించిరి, ఉన్నత న్యాయస్థానమును మందలించినది. ఆ మందలింపు తగినదే. బతుకమ్మకుంటలో మాత్రము, కుంటనేలలో ముందే కట్టుకొని కాపురమున్నవారిని కదలింపక, మిగిలిన యైదెకరములనే త్రవ్వుదుమని చెప్పి 2025 ఫిబ్రవరిలో పని మొదలిడిరి. నాలుగడుగులు దిగునంతలో నీరుబికెను. నీళ్ళ గొట్టము పగిలినదేమో యని సందేహింపగా, జలమండలివారు చూచి ఇది గొట్టపు నీరు కాదనిరి. ఏడు కోట్ల రూపాయలకు పైగా వెచ్చించి, ఆ సెప్టెంబరు 28వ తేదీన, బతుకమ్మ పండుగ దినములలోనే, ముఖ్యమంత్రి దానిని ప్రారంభించెను.

మామగారు గట్టున నిలిచి, దీపములను గాని, నడక బాటను గాని చూడలేదు. "కాలువ ఎటు నుంచి వస్తది? మత్తడి ఎటు పోతది?" అని యడిగిరి. చెరువు నెఱిగినవాని మొదటి ప్రశ్న యదియే. పల్లెవారైన మీకు నేను చెప్పవలసిన పనిలేదు. మన దేశమున చెరువొక్కటియే యుండదు. మీది చెరువు మత్తడి దుమికిన నీరు క్రింది కుంటకు, ఆ కుంట నిండి మఱియొక చెరువునకు, గొలుసువలె సాగి తుదకేటిలో గలియును. హైదరాబాదు నగరము ఇట్టి గొలుసు మీదనే కట్టబడినది. పదునాఱవ శతాబ్దమున త్రవ్వించిన హుస్సేనుసాగరమునుండి బయలుదేఱు మిగులు నీటి కాలువ బాగ్‌లింగంపల్లి, నల్లకుంట, అంబరుపేటల మీదుగా మూసీలో పడును. నేడు దానిని నాలా యందురు. ముక్కు మూసికొని దాటుదురు. పెద్దవాన పట్టినప్పుడు దాని యొడ్డునున్న పల్లపు బస్తీలలో నీరు గుమ్మము దాటి వచ్చును. నీరు పల్లమెఱుగునని సామెత గలదు గదా. దస్తావేజునందేమి వ్రాసినదో నీరెఱుగదు.

కుంట ఖాళీజాగా యగుట యొక్కనాడు జరుగు పని కాదు. రెండేండ్లు వరుసగా వానలుండవు. నీరు రాదు. ఎవరో రాత్రివేళ నాలుగు బండ్ల మన్ను తెచ్చి పోయుదురు. అడుగువారుండరు. మీదనుండి వచ్చు కాలువలో ఎవరో గోడ పెట్టుదురు. తుమ్మలు మొలచును. ఆ పిమ్మట కంచె, ఆ పిమ్మట బోర్డు, ఆ పిమ్మట కాగితము. కాగితము ఎప్పుడును కడపటనే వచ్చును. మన ప్రాంతమున శిఖము భూమి యను మాట మీరందఱు నెఱుగుదురు. నీరు తీసిన పిదప ఆ నేలలో పంట పెట్టుకొనవచ్చును. నీరు వచ్చిన నాడు తొలగిపోవలెను. పట్టా శిఖమైనను అంతే. దున్నుకొను హక్కు గలదు గాని పూడ్చు హక్కు లేదు. నీరును మనిషియు ఒకే నేలను వంతులు వేసికొని వాడుకొనుటకు మన పెద్దలు చేసిన యేర్పాటది. పట్టణము వచ్చి మనిషి వంతునే నిలిపి, నీటి వంతును కొట్టివేసెను.

దీనికి తగిన శాస్తి యొకసారి జరిగియున్నది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచినది. పదునైదువేల మంది వఱకు పోయిరని లెక్క. ఆసుపత్రి యావరణలోని యొక చింతచెట్టు నెక్కి నూటయేబది మంది బ్రదికిరి. ఆ చెట్టు ఇప్పటికిని అఫ్జల్‌గంజి చెంత నున్నది. కారణమరయుటకు పిలిపింపబడిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మూసీ పరీవాహమున 788 చెరువులున్నవనియు, ఆ వానకు వానిలో 221 తెగినవనియు తేల్చిరి. వారి సలహాపై మీద రెండు జలాశయములు, 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము ముగిసినవి. 1912లో నగరాభివృద్ధికై సిటీ ఇంప్రూవుమెంటు బోర్డును స్థాపించిరి. ఇరుకు బస్తీలను విప్పి బాటలు వేయుట, పేదలకు గాలి వెలుతురు గల ఇండ్లు కట్టుట, పత్థర్‌గట్టివంటి అంగడివీథిని రాతి కమానులతో దీర్చుట ఆ బోర్డు పనులు. కొట్టుకొనిపోయిన యేటి యొడ్డు నేలలో కొంత యుద్యానములకు విడిచిరి. 1960లో ఆ బోర్డు బాధ్యతలు హౌసింగు బోర్డునకు వచ్చినవి. మా పొరుగుననున్న బాగ్‌లింగంపల్లి కాలనీ ఆ బోర్డు కట్టినదే.

అట్లైన పట్టణమున నిజముగ ఖాళీయైన నేల లేదా యని మీరడుగవచ్చును. లేకేమి, కావలసినంత కలదు. ధర పెరుగునని గోడ కట్టి తాళము వేసినవి, అన్నదమ్ములు వ్యాజ్యములాడుచు వదలివేసినవి, మూతబడిన కార్ఖానాలవి. మా యింటికి మైలు దూరమునగల ఆజమాబాదు పారిశ్రామిక వాడ నిజాము కాలమున ప్రభుత్వము కౌలుకిచ్చిన నేల. కౌలుదారులలో కొందఱు కార్ఖానాలు మానిరి, నేలను మాత్రము మానలేదు. 1992లో ఆ కౌళ్ళ రద్దునకును, క్రమబద్ధీకరణమునకును ప్రత్యేకముగ నొక చట్టమే చేయవలసి వచ్చినది. అంతకు ముందు 1976లో పట్టణ భూ పరిమితి చట్టము వచ్చి, హైదరాబాదులో ఒక కుటుంబమునకు వేయి చదరపు మీటర్లకు మించి ఖాళీనేల యుండరాదనెను. ఉద్దేశము మంచిది, ఫలము స్వల్పము. 2008లో మన రాష్ట్రమున అదియు ఎత్తివేయబడినది.

ఇట్టి నేల మీద ఎవరికి ఇండ్లు కట్టవలెననుట అసలు ప్రశ్న. రెండు దృష్టాంతములు చెప్పెదను. సికిందరాబాదు న్యూ బోయిగూడలో ఐ.డి.హెచ్. కాలనీ యను శిథిలమైన బస్తీ యుండెను. దానిని తీసివేసి, ఆ చోటనే మూడంతస్తుల యిండ్లు 396 కట్టి, 2015 నవంబరులో అచ్చటివారికే యిచ్చిరి. వారి కూలిపనులు తప్పిపోలేదు. పిల్లల బడి మాఱలేదు. తరువాత 2023లో నగరపు పడమటి యంచున కొల్లూరులో 15,660 ఇండ్లు ఒక్కచోట ప్రారంభించిరి. కట్టడము ఘనమైనదే, కాదనను. కాని నల్లకుంటలో నాలుగిండ్లలో పాచిపని చేసికొను స్త్రీకి కొల్లూరులో రెండు గదులిచ్చిన, ఆమెకు ఇల్లు దొరికినదా, పని పోయినదా? నగరము నడుమ ఆజమాబాదు వంటి నేలలుండగా ఆమెను అంత దూరము పంపుట నాకు సరిగా దోచలేదు.

అట్లని కనబడిన ప్రతి మైదానమును ఇండ్లకిచ్చుటయు తగదు. 2015లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయపు భూమిలో కొంత పేదల యిండ్లకు దీసికొందుమను మాట పుట్టగా విద్యార్థులు గట్టిగా నెదిరించిరి. అడిక్‌మెట్టునుండి తార్నాక వఱకు పఱచుకొన్న ఆ రాతిబండలను, వేపచెట్లను జూచి ఖాళీ యనువారు గలరు. 1939లో ఆర్ట్సు కళాశాల భవనము తెఱచిన నాటినుండి ఎన్ని యూళ్ళ పేదపిల్లలు ఆ చెట్ల క్రింద చదివి పైకి వచ్చిరో వారు లెక్కపెట్టలేదు. వాననీరు ఇంకుటకు ఈ వైపున మిగిలిన పెద్దనేల యదియే.

ఇక మీకు సంబంధించిన సంగతి. పల్లెలో ఎకరమమ్మి పట్టణమున రెండువందల గజములు కొనువారు ప్రతి యూరను గలరు. నేనును వారిలో నొక్కడను. 1987లో పాలివచ్చిన ఎకరమున్నర పొలము నమ్మి, చాలని దానికి నా యిల్లాలి గాజులు చేర్చి, నగరమునకు తూర్పున నొక ప్లాటు కొంటిని. అమ్మినవాడు మమ్ము చైత్రమాసమున దీసికొనిపోయెను. నేల అరచేయివలె నుండెను. రిజిస్ట్రేషను జరిగినది గనుక అంతయు సక్రమమనుకొంటిని. రిజిస్ట్రేషను ఇద్దఱి నడుమ క్రయము జరిగినదనుటకు సాక్ష్యమే గాని, ఆ నేల యెట్టిదో చెప్పు పత్రము కాదని నాకప్పుడు తెలియదు. శబ్దశాస్త్రము చదివితిని గాని పహాణీ చదువనైతిని. ఆ శ్రావణమున పోయి చూడగా నా హద్దురాళ్ళు నీళ్ళలో నుండెను.

కొనువారు చూడవలసినవి కలవు. గ్రామ నక్షాలో ఆ సర్వే నంబరు చెరువునకెంత దూరమో చూడవలెను. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో ఆ నంబరునకెదురుగ శిఖమని యున్నదేమో చూడవలెను. మత్తడి దుముకబోవునప్పటి నీటి యంచునే ఆఫీసులలో ఎఫ్.టి.ఎల్. అందురు. 2012 నాటి కట్టడపు నిబంధనల ప్రకారము పది హెక్టార్లును, అంతకు మించియు గల చెరువునకు ఆ యంచునుండి 30 మీటర్లు, చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు విడువవలెను. కాగితముల కంటె ముందు మీ కన్నులున్నవి. అచ్చట తుంగ యున్నదా, జమ్మున్నదా, జానెడు త్రవ్విన నల్లని యొండ్రు తగులునా? ఈ చదువు మీకున్నంత పట్టణమువారికి లేదు. మీ పిల్లలు ప్లాటు కొనునప్పుడు మీరును వెంట పొండు.

ఆ దసరాకు మామగారిని నా ప్లాటునకు గూడ దీసికొనిపోతిని. బండి దిగకముందే, "ఇది కుంటనే గదరా! తుంగ కానస్తలేదా?" అనిరి. ముప్పది యెనిమిదేండ్లకు నాకు దొరికిన మొదటి సర్వే రిపోర్టది. ఆ స్థలమునకు నేను ఏటేట ఖాళీ స్థలపు పన్ను కట్టుచున్నాను. నీరు నిండియున్న యేడు గూడ కట్టితిని. అమ్మివేయుమని మా కుమారుడనును. వాని మాటలో తప్పు లేదు, వాని పిల్లల చదువులున్నవి. మొన్న ఫాల్గుణమున నొక యువకుడు, పల్లెనుండి వచ్చి యెచ్చటనో గుమాస్తాగా నున్నవాడు, మంచి ధరయే చెప్పి, బయానా చేతిలో పట్టుకొని వచ్చెను. నేను పుచ్చుకొనలేదు. శ్రావణములో రమ్మంటిని, వచ్చునప్పుడు తండ్రిని వెంటబెట్టుకొని రమ్మంటిని.