బాబీ వయసెంత? చెప్పే కాగితం లేదు

ప్రపంచ రికార్డు పొంది పోగొట్టుకున్న కుక్క కథ - మన పశువుల పెంపకందార్లకూ ఒక పాఠం

ఊళ్లో ముసలి కుక్క ఉంటే దాని వయసు ఏడాదికి రెండేళ్ల చొప్పున పెరుగుతుంది. నిరుడు పద్దెనిమిదేళ్లన్నవారే ఈ ఏడు ఇరవై అంటారు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన "మా పెద్దబ్బాయి పెళ్లినాటికే ఇది ఉంది కదటయ్యా" అని సాక్ష్యం పలుకుతాడు. ఎవరూ కాదనరు. కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు. అవునని రుజువు చెయ్యడానికీ లేదు.

ఇంటివారికి ఇందులో నష్టమేమీ లేదు. కానీ ఇలాంటి మాటే ఒకటి ఊరు దాటి, దేశం దాటి, ప్రపంచ రికార్డుగా అచ్చయి, ఏడాది తిరిగేసరికి రద్దయింది. పోర్చుగల్ దేశంలోని బాబీ అనే కుక్క సంగతి అది.

31 ఏళ్ల కుక్క

పోర్చుగల్‌లో లీరియా అనే పట్టణానికి దగ్గరలో కోంకెయిరోస్ అనే పల్లె ఉంది. అక్కడి ఒక కుటుంబం బాబీని పెంచింది. రఫెయిరో దో అలెంతేజో అనే జాతికి చెందినది. మందలను కాపలా కాసే పెద్ద కుక్కల జాతి అది. సాధారణంగా ఆ జాతి కుక్క పన్నెండు నుంచి పద్నాలుగేళ్లు బతుకుతుంది.

బాబీ 1992 మే 11న పుట్టిందని యజమాని చెప్పాడు. అప్పటికి అతను చిన్న పిల్లవాడు. ఇంట్లో జంతువులు ఎక్కువైనందువల్ల పుట్టిన కుక్కపిల్లలను పెద్దలు వదిలించుకున్నారనీ, కట్టెల కొట్టంలో దుంగల మధ్య కలిసిపోయిన ఒక పిల్ల మాత్రం వారి కంట పడలేదనీ, దానిని తనూ తన తోబుట్టువులూ దాచి పెంచామనీ అతని కథనం. ఎన్నడూ గొలుసు వేసి కట్టలేదు. ఇంట్లో మనుషులు తినే తిండినే ఉప్పూ మసాలా పోయేలా నీళ్లలో కడిగి పెట్టేవారు.

2023 ఫిబ్రవరిలో గిన్నిస్ వరల్డ్ రికార్డ్స్ సంస్థ బాబీని గుర్తించింది. బతికి ఉన్న కుక్కలన్నింటిలోనూ పెద్దది, ఇంతవరకు బతికిన కుక్కలన్నింటిలోనూ పెద్దది అని రెండు బిరుదులిచ్చింది. ఆ మే నెలలో జరిపిన పుట్టినరోజు పండుగకు వందమందికి పైగా వచ్చారు. అక్టోబరులో బాబీ చనిపోయింది. అప్పటికి దాని వయసు 31 ఏళ్ల 5 నెలలు అని లోకమంతా రాసింది.

అంతకు ముందు వరకు కుక్కల్లో రికార్డు ఆస్ట్రేలియాకు చెందిన బ్లూయీది. విక్టోరియా రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఒక యజమాని 1910లో దానిని పిల్లగా తెచ్చుకున్నాడు. సుమారు ఇరవై ఏళ్లు గొర్రెలనూ పశువులనూ కాసిన ఆ కుక్క 1939 నవంబరు 14న మరణించింది. లెక్కకు 29 ఏళ్ల 5 నెలలు. ఎనభై ఏళ్లకు పైగా ఏ కుక్కా దాటని ఆ హద్దును బాబీ రెండేళ్ల తేడాతో దాటిందన్నమాట.

అనుమానం ఎక్కడ వచ్చింది?

మొదట నోరు విప్పినవారు పశువైద్యులు. కుక్క 31 ఏళ్లు బతకడమంటే మనిషి రెండు వందల ఏళ్లు పైబడి బతకడం లాంటిదని కొందరు అన్నారు. పైగా బాబీ ఒళ్లు చేసిన పెద్ద కుక్క. కుక్కల్లో పెద్ద జాతులు త్వరగా ముసలివవుతాయి, చిన్న జాతులు ఎక్కువకాలం బతుకుతాయి. బాబీ సంగతి ఈ లెక్కకు తిరకాసుగా ఉంది.

రెండో అనుమానం ఫొటోలది. 1999 నాటిదని చూపిన పాత ఫొటోలో కుక్క పాదాలు తెల్లగా కనిపించాయి. చివరి రోజుల బాబీ పాదాలు గోధుమ రంగులో ఉన్నాయి. ఆ రెండూ ఒకే కుక్కేనా అని చూసినవారు అడిగారు.

మూడోది అన్నిటికంటె ముఖ్యమైనది. బాబీ వయసుకు అసలు ఆధారంగా చూపినది పోర్చుగల్ పెంపుడు జంతువుల రిజిస్టరులోని నమోదు. కుక్క చర్మం కింద బియ్యపు గింజంత చిప్ పెట్టి, దాని నంబరుతో వివరాలు రాసుకుంటారు. బాబీని ఆ రిజిస్టరులో ఎక్కించినది 2022లో. 2008కి ముందు పుట్టిన కుక్కల వయసుకు ఆ దేశంలో రుజువు అడగరు. యజమాని చెప్పిన తేదీనే రాసుకుంటారు. పశువైద్యుడి ధ్రువపత్రం కూడా ఈ నమోదు మీదే ఆధారపడింది.

అంటే ముప్పై ఏళ్ల తర్వాత యజమాని నోటితో చెప్పిన మాట రిజిస్టరులోకి వెళ్లి, అక్కడినుంచి ముద్ర వేసుకుని, అదే మాటకు సాక్ష్యంగా తిరిగి వచ్చింది. కాగితాలు రెండు మూడు కనిపించినా, వాటి వెనుక ఉన్నది ఒక్క నోటి మాటే.

గిన్నిస్ సంస్థ 2024 జనవరిలో బిరుదులను తాత్కాలికంగా నిలిపి విచారణ జరిపింది. ఫిబ్రవరి 22న రద్దు ప్రకటించింది. పుట్టిన తేదీని నిర్ధారించే నమ్మదగిన ఆధారం లేదన్నది దాని నిర్ణయం. యజమాని అబద్ధమాడాడని తేల్చలేదు. బాబీ 31 ఏళ్లు బతకలేదని కూడా రుజువు కాలేదు. బతికిందని చూపించే కాగితం లేదు, అంతే. ఇకమీదట పెంపుడు జంతువు జీవితంలో ప్రతి ఏడాదికీ పత్రం అడుగుతామని సంస్థ చెప్పింది.

ఎద్దు నోరు చెబుతుంది, కుక్క నోరు చెప్పదు

పళ్లు చూస్తే తెలియదా అని రైతు అడగవచ్చు. సంతలో ఎద్దును బేరమాడేవాడు ముందు మూతి పైకెత్తి కింది దవడ చూస్తాడు. దూడకు ముందువైపు ఎనిమిది పాలపళ్లుంటాయి. సుమారు రెండు, రెండున్నరేళ్లకు నడిమి జత ఊడి పెద్ద పళ్లు వస్తాయి. ఆ తర్వాత దాదాపు ఏడాదికొక జత మారుతూ అయిదేళ్ల లోపు ఎనిమిదీ పూర్తవుతాయి. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీల్లో పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు పెట్టేది ఈ లెక్క మీదనే.

ఎనిమిది పళ్లూ వచ్చాక మాత్రం ఈ లెక్క పనిచెయ్యదు. ఆ తర్వాత అరుగుదలను బట్టి ఊహించాలి. గట్టి మేత మేసినదానికి పళ్లు త్వరగా అరుగుతాయి. ఆవు కొమ్ముల మీది వలయాలను ఈతలతో కలిపి లెక్కిస్తారు గాని, కొమ్ములు చెక్కి నూనె రాసి సంతకు తోలేవాళ్లూ ఉన్నారు.

కుక్క సంగతి ఇంకా కష్టం. ఏడు నెలల లోపే పాలపళ్లన్నీ పోయి గట్టి పళ్లు వచ్చేస్తాయి. ఆ తర్వాత పళ్ల మీది గార, అరుగుదల, మూతి నెరుపు, కళ్లలోని నీలిమసక చూసి వైద్యుడు ఒక అంచనా చెబుతాడు. ముసలి కుక్క అని గట్టిగా చెప్పగలడు. పదమూడేళ్లా పదిహేడేళ్లా అంటే చెప్పలేడు.

రక్తం పరీక్ష చేస్తే తెలియదా? వయసుతోపాటు జన్యుపదార్థం మీద కొన్ని రసాయన గుర్తులు మారుతూ ఉంటాయి. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వందకు పైగా లాబ్రడార్ కుక్కలను పరీక్షించి 2020లో ఒక లెక్క ప్రకటించారు. దాని ప్రకారం ఏడాది కుక్క ముప్పై ఏళ్ల మనిషితో సమానం, నాలుగేళ్ల కుక్క యాభై దాటిన మనిషితో సమానం. కుక్క ఏడాది మనిషికి ఏడేళ్లన్న పాత లెక్క తప్పని దీనితో తేలింది. అయినా ఈ పరీక్ష శరీరం ఎంత ముదిరిందో చెబుతుంది గాని పుట్టిన తేదీ చెప్పదు.

తాబేలు, చిలుక, పిల్లి

ఇతర జంతువుల విషయంలోనూ ఇలాంటి వాదాలు చాలా ఉన్నాయి. కలకత్తా అలీపూర్ జంతు ప్రదర్శనశాలలో అద్వైత అనే పెద్ద తాబేలు 2006 మార్చిలో చనిపోయింది. అది ఒకప్పుడు రాబర్ట్ క్లైవ్ పెంచినదనీ, రెండు వందల యాభై ఏళ్లు దాటిందనీ ప్రచారం. అయితే ఆ జంతు ప్రదర్శనశాల పుట్టిందే 1875-76 ప్రాంతంలో. అంతకు ముందరి వందేళ్లకు పైగా కాలానికి ఆధారం చెప్పుడు మాటలే.

సెయింట్ హెలీనా ద్వీపంలోని జొనాథన్ అనే తాబేలు కథ వేరు. 1882లో సీషెల్స్ నుంచి ఆ దీవికి తెచ్చినప్పటికే అది పూర్తిగా ఎదిగి ఉందని నమోదయింది. ఆ కాలపు ఫొటో కూడా ఉంది. ఎదగడానికి కనీసం యాభై ఏళ్లు పడుతుంది గనుక 1832 ప్రాంతంలో పుట్టి ఉంటుందని లెక్కగట్టారు. పుట్టిన తేదీ తెలియకపోయినా, కనీసం ఇంత అని చెప్పడానికి చేతిలో ఒక తేదీ ఉంది. 2022లో గిన్నిస్ వారు దానికి 190 ఏళ్లని ఒప్పుకున్నది అలాగే.

ఇంగ్లండులో 2004లో ఒక చిలుక వార్తలకెక్కింది. దానికి నూట నాలుగేళ్లనీ, ప్రధాని చర్చిల్ పెంచినదనీ యజమాని అన్నాడు. చర్చిల్ కుమార్తె మాత్రం తండ్రికి అలాంటి చిలుక లేదన్నారు. పిల్లుల్లో రికార్డు అమెరికాలోని ఆస్టిన్ నగరానికి చెందిన క్రీమ్ పఫ్‌ది. 1967 ఆగస్టు 3న పుట్టి 2005 ఆగస్టు 6న పోయింది. 38 ఏళ్ల 3 రోజులు. పిల్లుల మామూలు ఆయుష్షుకు అది రెట్టింపు కంటె ఎక్కువ.

పేరు అదే, కుక్క వేరు

వయసు పెంచి చెప్పేవారందరూ కావాలని చెప్పేవారు కారు. మన ఊళ్లలో రాజు అనే కుక్క చనిపోతే అదే రంగు పిల్లను తెచ్చి మళ్లీ రాజు అనే పిలుస్తారు. పదేళ్లు గడిచాక ఇంటి పిల్లల జ్ఞాపకంలో రెండు రాజులూ ఒకటైపోతాయి. "నా చిన్నప్పటినుంచీ ఉంది" అన్న మాటలో కల్లలేదు. లెక్కే తప్పు.

జ్ఞాపకాన్ని సరిచూసే పద్ధతి కూడా ఊళ్లలో ఉంది. ఫలానా తుఫానుకు ముందా తర్వాతా అని అడగడం. హుద్‌హుద్ తుఫాను నాటికి పిల్ల అంటే 2014. దివిసీమ ఉప్పెననాడు లేగదూడ అంటే 1977. ఒకే ఇంటివారు కాక, ఇరుగుపొరుగులు విడివిడిగా అదే మాట చెబితే కొంత నమ్మవచ్చు. తేదీ వేసిన పెళ్లి ఫొటోలో కుక్క ఉండి, దాని మచ్చ ఇప్పటి కుక్క మచ్చతో సరిపోతే ఇంకా బలం.

చెవిపోగు చెప్పేదెంత?

ఇదంతా కుక్కల సరదా కాదు. పశువు వయసు తెలియకపోతే రైతుకు సొమ్ము నష్టం. పశువుల బీమా పాలసీల్లో సాధారణంగా పాడి ఆవుకు రెండేళ్ల నుంచి పదేళ్ల వరకు, గేదెకు మూడేళ్ల నుంచి పన్నెండేళ్ల వరకు వయో పరిమితి ఉంటుంది. ఎనిమిదేళ్ల గేదెను పదమూడేళ్లదంటే బీమా రాదు. సంతలో కొనే రైతుకు పన్నెండేళ్ల ఆవును ఏడేళ్లదని అంటగడితే రెండు ఈతలకే పాడి ముగుస్తుంది.

ఇప్పుడు పశువుల చెవులకు పన్నెండు అంకెల నంబరుతో పసుపు పచ్చని పోగులు వేస్తున్నారు. ఈ పశువు ఫలానాదని ఆ నంబరు చెబుతుంది. కాని ముదురు పశువుకు పోగు వేసే రోజున వయసు గడిలో రాసేది రైతు చెప్పినదో, పళ్లు చూసి అంచనా వేసినదో మాత్రమే. 2022లో బాబీకి వేసిన చిప్ లాంటిదే ఇదీను. దూడగా ఉన్నప్పుడే నమోదు చేయిస్తే మాత్రం ఆ నంబరు వయసుకు కూడా సాక్ష్యమవుతుంది.

ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ఆవుకు కృత్రిమ గర్భధారణ చేయించిన తేదీ చీటీ దాచుకోవాలి. చూడి కాలం ఆవుకు సుమారు తొమ్మిది నెలల పది రోజులు, గేదెకు సుమారు పది నెలల పది రోజులు గనుక దూడ పుట్టిన తేదీని ఆ చీటీతో సరిచూడవచ్చు. కుక్కపిల్లకు మూడు నెలలప్పుడు రేబిస్ టీకా వేయించి, కార్డు మీద రంగు, మచ్చలు, ఆడో మగో రాయించి, ఏటేటా టీకా తేదీ అదే కార్డులో వేయించాలి. పిల్లగా ఉన్నప్పుడు చూసిన వైద్యుడికి దాని వయసు కళ్లెదుటే కనిపిస్తుంది. కాబట్టి ఆ మొదటి సంతకానికి విలువ ఎక్కువ. ఆనాడే ఒక ఫొటో తీసి ఉంచుకుంటే మరీ మంచిది.

పాల లెక్క, కూలి లెక్క గోడ క్యాలెండరు మీద రాసుకునే అలవాటు మనకు ఉన్నదే. దూడ పుట్టిన రోజు, కుక్కపిల్ల ఇంటికి వచ్చిన రోజు కూడా అక్కడ రాసి, ఏడాది చివర ఆ కాగితం చింపి పారెయ్యకుండా పట్టాదారు పాసు పుస్తకంతోపాటు పెట్టెలో దాచుకుంటే చాలు. పోర్చుగల్ పల్లెలో 1992 మే నెలలో ఎవరైనా ఆపాటి పని చేసి ఉంటే, బాబీ నిజంగా 31 ఏళ్లు బతికిందో లేదో ఈనాడు తేలి ఉండేది.