మీకు తెలుసా? పాట పాడినవాళ్లంతా కొనేవాళ్లు కారు

1999 సెప్టెంబరులో అమెరికాలో ఒకతను తన కిడ్నీని ఈబే అనే ఆన్‌లైన్ సైటులో వేలానికి పెట్టాడు. అవయవాలు అమ్మడం అక్కడ నేరం. కంపెనీ గమనించి ఆ ప్రకటన తీసేసేలోపే పాట 57 లక్షల డాలర్లు దాటింది! అంత సొమ్ము చేతిలో ఉందో లేదో అడిగే ఏర్పాటు ఆ రోజుల్లో లేదు. ఆన్‌లైన్ మోసం అనగానే కొన్నవాళ్ల కష్టమే మనకు గుర్తొస్తుంది. అమ్మేవాళ్ల గోడు వినేవాళ్లు తక్కువ. ఈసారి కబుర్లన్నీ వాళ్ల కోసమే.

ఇద్దరు కూడబలుక్కుని ఆడే నాటకం ఒకటుంది. ఒకడు తక్కువకు పాడి ఊరుకుంటాడు. రెండోవాడు ఎవరూ అందుకోలేనంత పెద్ద పాట పాడి, మిగతావాళ్లంతా తప్పుకునేలా చేస్తాడు. గడువు దగ్గరపడ్డాక తన పాట వెనక్కి తీసుకుంటాడు. వస్తువు మొదటివాడికి కారుచౌకగా దక్కుతుంది. అందుకే పాటల చరిత్ర చూడాలి. ఈబేలో వేలం ఆఖరి 12 గంటల్లో పాడిన పాటను గంటలోపే వెనక్కి తీసుకోవాలి, ఆ తర్వాత కుదరదు. అనుమానం వస్తే పాట నడుస్తుండగానే దాన్ని రద్దు చేసే హక్కు, ఆ ఖాతా మళ్లీ మీ వస్తువుల జోలికి రాకుండా ఆపే హక్కు అమ్మేవాళ్లకు ఉన్నాయి. మొహమాటపడకుండా వాడుకోండి.

కొనేవాళ్ల మీద అమ్మేవాళ్లు చెడ్డ మాట రాయడాన్ని ఈబే 2008లోనే ఆపేసింది. కోపం కొద్దీ ఎదురు రాతలు రాస్తారన్న భయంతో కొనేవాళ్లు నిజం చెప్పలేకపోతున్నారన్నది కారణం. కారణం సబబే. కానీ దాని ఫలితంగా, కొనేవాడి పేరు పక్కన నూటికి నూరు శాతం మంచి కనిపించినా అమ్మేవాళ్లకు అది ఏ భరోసా ఇవ్వదు. ఖాతా ఎప్పుడు తెరిచాడో చూడటం అంతకన్నా మేలు.

పాట గెలిచి మాయమైపోయేవాళ్లూ ఉంటారు. నాలుగు రోజుల్లో డబ్బు కట్టకపోతే ఆ అమ్మకాన్ని రద్దు చేసి, రెండో పాటదారుకు అతను పాడిన ధరకే ఇస్తామని కబురు పెట్టవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది చెక్కు మోసం. 400 డాలర్లకు కెమెరా అమ్మారనుకోండి. కొన్నవాడు 2,400 డాలర్ల బ్యాంకు చెక్కు పంపి, ‘మిగతా 2,000 మా రవాణా ఏజెంటుకు పంపేయండి, రేపే వచ్చి సరుకు తీసుకెళతాడు’ అంటాడు. చెక్కు వేసిన ఒకటి రెండు రోజుల్లో సొమ్ము ఖాతాలో కనిపిస్తుంది. అమెరికాలో 1987 నాటి ఒక చట్టం ప్రకారం, ఇలాంటి చెక్కుల సొమ్మును బ్యాంకులు కొద్ది రోజుల్లోనే ఖాతాదారుకు అందుబాటులో ఉంచాలి. అంతమాత్రాన చెక్కు చెల్లినట్టు కాదు. అది దొంగ చెక్కని తేలడానికి వారాలు పట్టవచ్చు. తేలిన రోజున బ్యాంకు మొత్తం 2,400 వెనక్కి లాగేసుకుంటుంది. కెమెరా పోయింది, ఏజెంటుకు పంపిన 2,000 డాలర్లూ పోయాయి. అమ్మిన ధర కన్నా ఒక్క డాలరు ఎక్కువ వచ్చినా ఆ చెక్కు ముట్టుకోకండి. నిజంగా కొనేవాడికి ఎక్కువ పంపాల్సిన పనేముంది?

‘డబ్బు కట్టేశాను, పార్శిల్ మాత్రం వేరే చిరునామాకు పంపండి’ అనే మాటకూ లొంగకండి. అమ్మేవాళ్లకు ఈబే ఇచ్చే రక్షణ ఆర్డరులో ఉన్న చిరునామాకు పంపినప్పుడే వర్తిస్తుంది. ఆ అమ్మకం రద్దు చేసి, సరైన చిరునామాతో మళ్లీ కొనమనండి.

బాజీ డాట్ కామ్ అనే సైటును కొని 2004లో ఈబే మన దేశానికి వచ్చింది, దాని ఇక్కడి సైటు 2018లో మూతపడింది. పాత సామాను అమ్మకం మాత్రం వేరే సైట్లలో జోరుగా సాగుతోంది, మోసం కూడా వేషం మార్చుకుంది. సైనికుడినంటూ ఫోన్ చేసి, బేరమాడకుండా సోఫా కొంటానంటాడు. ‘డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటాడు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచి డబ్బు వెళుతున్నట్టే. అలా పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. ఆ సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారిపోయేలోపు ఫిర్యాదు అందితే, బ్యాంకు దాన్ని ఆపగలిగే అవకాశం ఎక్కువ.