పేరున్న ఫంక్షన్‌కే పిలుపు

ప్రకాశం జిల్లా నుంచి తేజ మిర్చి టిక్కీలతో గుంటూరు యార్డుకొచ్చిన రైతుకు ఆ పూట ధర నచ్చలేదనుకోండి. సరుకు ఏసీ గోదాములో పెట్టి, "రేటు పెరిగితే ఫోన్ చెయ్యండి" అని కమీషన్ వ్యాపారికి నంబరిచ్చి ఊరెళ్లిపోతాడు. ఇక రోజూ వచ్చి ధర అడిగే పని లేదు. ప్రోగ్రాముల్లో కాల్‌బ్యాక్ అంటే ఇదే: ఫలానాది జరిగినప్పుడు పిలవమని ఒక ఫంక్షన్‌ను ముందే అప్పగించడం. అలా అప్పగించడానికి ప్రోగ్రాం రాసినవాళ్లు కావాలని వదిలిన చోటు హుక్.

ఇది సాగాలంటే ఫంక్షన్‌ను కూడా అంకెలాగే ఒకచోటి నుంచి ఇంకోచోటికి అందించగలగాలి. 1958లో జాన్ మెకార్తీ ఎంఐటీలో మొదలుపెట్టిన లిస్ప్ భాష ఆ దారి తెరిచింది. తర్వాత ఆయన స్టాన్‌ఫర్డ్‌కు మారారు. అక్కడ ఆయన దగ్గరే 1966లో డాక్టరేటు అందుకున్నారు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. 1994లో ట్యూరింగ్ అవార్డు పంచుకున్నది ఈయనే. లిస్ప్ ఎక్కడిదో మనకెందుకనేవాళ్లకు ఈ మాట చెప్పాలనిపిస్తుంది.

అదే 1966లో వారెన్ టైటెల్‌మన్ ఎంఐటీలో సమర్పించిన పైలట్ సిద్ధాంత గ్రంథంలో, ఉన్న ఫంక్షన్‌ను ముట్టుకోకుండా దాని ముందో వెనకో కొత్త కోడ్ తగిలించే పద్ధతి చూపారు. హుక్‌కు ఇది దగ్గరి చుట్టమే. కాకపోతే అక్కడ ఫంక్షన్ రాసినవాళ్ల అనుమతితో పనిలేదు. హుక్‌లో మాత్రం "ఇక్కడ తగిలించుకోండి" అని వాళ్లే చూపిస్తారు. నాకు రెండోదే మర్యాదగా తోస్తుంది.

హుక్‌కు పేరు తెచ్చింది ఈమాక్స్ ఎడిటర్. రిచర్డ్ స్టాల్‌మన్ 1976లో ఎంఐటీలో మొదలుపెట్టిన ఈమాక్స్, 1985లో సొంత లిస్ప్‌తో గ్నూ ఈమాక్స్‌గా బయటికొచ్చింది. అందులో హుక్ అంటే ఒక మామూలు వేరియబుల్, దాని విలువ ఫంక్షన్ల జాబితా. అంతకుమించి మంత్రమేమీ లేదు. యాడ్-హుక్ ఒక ఫంక్షన్‌ను జాబితాలో చేరుస్తుంది. అప్పటికే ఉంటే మళ్లీ చేర్చదు. సమయం వచ్చినప్పుడు రన్-హుక్స్ ఒక్కొక్కదాన్నీ వరసగా పిలుస్తుంది. వద్దనుకుంటే రిమూవ్-హుక్ తీసేస్తుంది. ఫైలు సేవ్ అయ్యే ముందు నడిచే బిఫోర్-సేవ్-హుక్‌కు, వరసల చివర మిగిలిన ఖాళీలను తుడిచే ఫంక్షన్‌ను చాలామంది తగిలిస్తారు. ఎడిటర్ అసలు కోడ్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

చిక్కంతా లాంబ్డాతో, అంటే పేరులేని ఫంక్షన్‌తో. పేరుతో తగిలిస్తే జాబితాలో ఉండేది పేరే. రేపు ఆ ఫంక్షన్‌ను తిరగరాస్తే కొత్తదే నడుస్తుంది. లాంబ్డాను కాస్త మార్చి మళ్లీ తగిలించారా, ఈమాక్స్ దాన్ని వేరే ఫంక్షన్‌గా లెక్కేస్తుంది, పాతదీ కొత్తదీ రెండూ నడుస్తాయి. తీసేద్దామన్నా ఏ పేరుతో తీస్తారు? ఇంకో సంగతి, జాబితాలో ఒక ఫంక్షన్ తప్పు చేసి ఆగితే మామూలుగా దాని వెనకున్నవాటికి పిలుపు అందదు. ప్రతి కమాండ్ ముందూ వెనకా నడిచే హుక్‌లలోనైతే, తప్పు చేసిన ఫంక్షన్‌ను ఈమాక్స్ జాబితాలోంచే తొలగిస్తుంది. లేకపోతే ఏ కీ నొక్కినా అదే తప్పు ఎదురై ఎడిటర్ పనికిరాకుండా పోతుంది.

ఈమాక్స్ ఉచితం. కంట్రోల్ పట్టుకుని హెచ్, తర్వాత కంట్రోల్ వదిలేసి మళ్లీ హెచ్ నొక్కితే ప్రపంచ భాషల పలకరింపుల మధ్య తెలుగు నమస్కారమూ కనిపిస్తుంది. గుంటూరు, ఒంగోలు కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు బిఫోర్-సేవ్-హుక్‌కు సొంత ఫంక్షన్ ఒకటి తగిలించి చూడండి. దానికి పేరు పెట్టడం మాత్రం మరవకండి.