తేనెపట్టు ముందు ఆగిన మనసు

1877లో కలకత్తా న్యాయవాది విశ్వనాథ దత్త పని మీద రాయ్‌పూర్‌లో ఉంటూ కుటుంబాన్ని అక్కడికి పిలిపించుకున్నాడు. రైలు దిగాక మిగతా దారంతా అడవుల గుండా ఎడ్లబండి ప్రయాణం, పదిహేను రోజులకు పైనే. బండిలో ఉన్న పద్నాలుగేళ్ల కొడుకు నరేంద్రుడికి ఒకచోట కొండ చీలికలో పైనుంచి కింది దాకా వేలాడుతున్న పెద్ద తేనెపట్టు కనిపించింది. ఎన్ని తరాల ఈగలు కట్టి ఉంటాయోనని చూస్తూ చూస్తూ బయటి స్పృహ కోల్పోయాడు. తెలివొచ్చేసరికి బండి చాలా దూరం వచ్చేసింది. పక్కన ఎవరూ లేకపోవడంతో సంగతి ఎవరికీ తెలియలేదు. వివేకానందుడయ్యాక తానే చెప్పుకున్నాడు.

ఆ చోటు దరేకసా కొండల్లో ఉందని ఇక్కడ భిలాయ్‌లో చెబుతారు. భిలాయ్ నుంచి నాగ్‌పూర్ వెళ్లే రైలు డోంగర్‌గఢ్ దాటాక ఆ కొండల మధ్యనుంచే పోతుంది. భిలాయ్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయానికి వివేకానందుడి పేరే పెట్టారు.

1955లో ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఈ ఊరికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు వచ్చాయి. సెక్టార్ 5 బాలాజీ గుడి, కార్తీకంలో అయ్యప్ప మాలలు, షిఫ్టు డ్యూటీలు వాళ్ల జీవితంలో కలిసిపోయాయి. ఇలాంటి ఇళ్లలో ఎవరికైనా ధ్యానంలోనో, భజనలోనో, అయినవాళ్లు పోయిన దుఃఖంలోనో ‘నేను’ అన్నదే కరిగిపోయినట్టు అనిపిస్తే చుట్టూ ఉన్నవాళ్లు రెండే మాటలంటారు: దేవుడు పూనాడనో, మతి చలించిందనో. రెండూ తొందరపాటు మాటలే.

అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1902లోనే ఈ అనుభవాలకు నాలుగు లక్షణాలు గుర్తించాడు. మాటల్లో పెట్టలేకపోవడం, ఏదో గొప్ప సత్యం తెలిసిందన్న గట్టి నమ్మకం, కాసేపే నిలవడం, మొదలయ్యాక మన చేతుల్లో ఏమీ లేనట్టు ఉండటం. మెదడులోని పార్శ్వ భాగం మన ఒళ్లు ఎక్కడ ముగుస్తుందో, బయటి లోకం ఎక్కడ మొదలవుతుందో లెక్క కడుతూ ఉంటుంది. ఆండ్రూ న్యూబర్గ్ బృందం 2001లో ప్రచురించిన పరిశోధనలో, టిబెటన్ పద్ధతిలో ధ్యానం చేసేవాళ్ల స్కాన్లు తీసినప్పుడు ముందు భాగంలో చురుకు పెరిగింది. అది పెరిగినవాళ్లలో పార్శ్వ భాగం నెమ్మదించింది. హద్దు చెరిగిన భావనకు ఇదొక వివరణ. అనుభవం నిజమా, భ్రమా అన్నది మాత్రం ఏ స్కానూ తేల్చదు.

అనుభవం వచ్చిపోయాక ఏమవుతుందన్నదే అసలు సంగతి. 1896లో మదురైలో పదహారేళ్ల వెంకటరామన్‌ను మరణభయం కమ్మేసింది. ‘చచ్చేది ఎవరు?’ అని పడుకుని లోపలికే చూశాడు. కొన్ని వారాల్లో ఇల్లు వదిలి తిరువణ్ణామలై చేరి, పాతాళలింగం గుహలో పురుగులు తొడలు కొరుకుతున్నా తెలియనంత లీనమైపోయాడు. అక్కడి సాధువు శేషాద్రిస్వామి వంటివాళ్లు కనిపెట్టుకుని ఉండబట్టి ఆ శరీరం నిలిచింది. 1907లో వెంకటరామన్‌కు రమణ మహర్షి అని పేరు పెట్టినవాడు బొబ్బిలి దగ్గరి కలువరాయికి చెందిన కావ్యకంఠ గణపతి ముని. రమణుల కథలో అందరూ శాంతినే చెబుతారు. అన్నం పెట్టి కాపాడిన చేతుల గురించి కూడా అంతే చెప్పుకోవాలి.

గోపీకృష్ణ అనే సాధకుడి కథ వేరు. 1937 డిసెంబరులో జమ్మూలో ధ్యానం చేస్తుండగా వెన్నులోంచి వెలుగు ఎగజిమ్మినట్టయింది. ఆ తర్వాత నిద్ర లేదు, తిండి సయించలేదు, ఒళ్లంతా మంట. ఏళ్లపాటు బాధపడి, చివరికి ఆ నరకాన్ని దాచకుండా పుస్తకంలో రాశాడు. జేర్డ్ లిండాల్, విలబీ బ్రిటన్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనంలో బౌద్ధ ధ్యానం చేసే పాశ్చాత్యులు చెప్పిన అనుభవాలు 59 రకాలు. ఆనందంతో పాటు భయం, నిద్ర పట్టకపోవడం, ‘నేను’ జారిపోయిన దిగులు కూడా అందులో ఉన్నాయి. అమెరికా మనోవైద్యుల 1994 వర్గీకరణ ఇలాంటి చిక్కుల కోసం ‘మత, ఆధ్యాత్మిక సమస్య’ అని జబ్బు కాని ఒక పద్దు తెరిచింది.

కొత్త లైనింగ్ వేసిన ఫర్నేస్‌ను ఒక్కసారిగా పూర్తి వేడికి తీసుకెళ్లరని ఇక్కడి కార్మికులకు తెలుసు. మనసుకూ అంతే. అనుభవం ఉద్ధృతంగా ఉంటే ధ్యానం తగ్గించాలి, లేదా కొన్నాళ్లు ఆపాలి. వేళకు తినాలి, నడవాలి, నమ్మకమైనవాళ్లతో మాట్లాడాలి. అన్నిటికన్నా ముఖ్యం నిద్ర. బైపోలార్ స్వభావం ఉన్నవాళ్లకు నిద్రలేమి ఒక్కటే ఉన్మాదాన్ని రెచ్చగొట్టగలదు. వరుసగా నైట్ షిఫ్టులు చేస్తూ తెల్లారుజామున గంటలకొద్దీ జపం చేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. కొన్ని మూర్ఛల్లోనూ మహానందం కలుగుతుంది కాబట్టి, స్పృహ తప్పడం మళ్లీ మళ్లీ జరిగితే నరాల డాక్టరుకు చూపించాలి.

అనుభవం తర్వాత మనిషి ఇంట్లోవాళ్లతో ఎప్పటిలా ఉంటూ పని చేసుకుంటుంటే కంగారు అక్కర్లేదు. రోజుల తరబడి నిద్ర లేకుండా అలసట కూడా లేకపోయినా, తానే దేవుణ్ణని అన్నా, చావమని గొంతులు ఆజ్ఞాపిస్తున్నాయన్నా ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. గుడికి వెళ్లడం మానక్కర్లేదు, గుడితోనే సరిపెట్టకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.