మర సరిపోతే చాలదు.. నంబరు కలవాలి
లారీ ఆయిల్‌ ఫిల్టర్‌ ఎంపికలో అజాగ్రత్తతో ఇంజిన్‌కే ముప్పు

విజయవాడ ఆటోనగర్‌: లారీకి ఆయిల్‌ కొనేటప్పుడు కంపెనీ, గ్రేడు అడిగి మరీ తీసుకునే యజమానులు ఫిల్టర్‌ దగ్గరకు వచ్చేసరికి ‘ఏదో ఒకటి బిగించు’ అనడం పరిపాటిగా మారింది. వందల్లో మిగిలే ఆ సొమ్ము ఒక్కోసారి ఇంజిన్‌ విప్పదీసేదాకా తెస్తుంది. బండి షెడ్డులో ఉన్నా ఫైనాన్స్‌ వాయిదా ఆగదు.

డీజిల్‌ మండినప్పుడు పుట్టే మసి, అరిగిన లోహపు రజను, గాలితో చేరే దుమ్ము ఆయిల్‌లో కలుస్తాయి. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్‌. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10, 20 మైక్రాన్ల రేణువులు కూడా క్రాంకు బేరింగులను అరగదీస్తాయి. వాటిని పట్టి ఉంచేది ఫిల్టర్‌లోని కాగితపు మడతలే.

కనిపించని కీలకం
పైకి ఒకేలా కనిపించి, ఒకే మరకు బిగిసే రెండు ఫిల్టర్లు లోపల వేరుగా ఉండవచ్చు. కాగితం పూడుకుపోయినా, చలికి ఆయిల్‌ చిక్కబడినా లోపలి బైపాస్‌ వాల్వు తెరుచుకుని, వడగట్టని ఆయిల్‌నైనా ఇంజిన్‌కు అందిస్తుంది. అది ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలో ఇంజిన్‌ తయారీదారు నిర్ణయిస్తారు. ముందే తెరుచుకుంటే మురికి ఆయిల్‌ తిరుగుతుంది. ఆలస్యమైతే ఇంజిన్‌కు ఆయిల్‌ చాలదు, కాగితం చిరిగే ప్రమాదమూ ఉంది.

కొనే ముందు..
* వాహన పుస్తకంలోని విడిభాగం నంబరుతో సరిచూడాలి. అది లేకుంటే దుకాణంలో ఇంజిన్‌ నంబరు చెప్పాలి. 2020 ఏప్రిల్‌ 1 నుంచి బీఎస్‌-6 నిబంధనలు వచ్చాయి. ఒకే మోడల్‌లోనూ పాత, కొత్త ఇంజిన్ల ఫిల్టర్లు మారవచ్చు.
* ‘ఇన్ని మైక్రాన్లు’ అన్న మాట ఒక్కటే కొలమానం కాదు. ఆ పరిమాణపు రేణువుల్లో ఎంత శాతం ఆపుతుందో కూడా తెలియాలి.
* అక్షరాలు చెరిగినట్లున్నా, బ్యాచ్‌ నంబరు లేకున్నా నకిలీగా అనుమానించాలి. బిల్లు తప్పక తీసుకోవాలి.

బిగించేటప్పుడు..
పాత రబ్బరు రింగు ఇంజిన్‌కు అంటుకుని ఉందేమో చూసి తీసేయాలి. రింగు మీద రింగు పడితే ఆయిల్‌ కారిపోతుంది. కొత్త రింగుకు ఆయిల్‌ రాసి, డబ్బాపై సూచించినంత మేరకే బిగించాలి. స్టార్ట్‌ చేశాక ఆయిల్‌ లైటు ఆరేవరకు యాక్సిలరేటర్‌ తొక్కరాదు. తొందరపడితే టర్బో దెబ్బతింటుంది.

పాత ఫిల్టర్‌ను డీజిల్‌తో కడిగి మళ్లీ వాడటం తగదు. దానిని కోసి మడతలు విప్పి చూడటం మేలు. లోహపు తళుకులు కనిపిస్తే లోపల అరుగుదల మొదలైనట్లే. లోడుకు వెళ్లకముందే మెకానిక్‌కు చూపించుకుంటే పెద్ద ఖర్చు తప్పుతుంది.