కన్నీటి దారికి ట్యూబు: ఎవరికి, ఎన్నాళ్లు?

శుక్లం ఆపరేషన్‌కు వెళ్తే డాక్టర్లు ముందుగా కన్నీటి దారిలోకి నీళ్లు ఎక్కించి చూస్తారు. దారి మూసుకుపోయి చీము వెనక్కి వస్తే శుక్లం ఆపరేషన్ ఆపుతారు. ఆ చీములోని క్రిములు కంటి లోపలికి చేరితే చూపే పోవచ్చు.

రెప్పల అంచున ఉండే రెండు చిన్న రంధ్రాల్లోంచి కన్నీరు సుమారు 10 మి.మీ. పొడవున్న సన్నని నాళాల గుండా కన్నీటి సంచిలోకి చేరుతుంది. అక్కడి నుంచి ఒక గొట్టం ముక్కులోకి దిగుతుంది. పెద్దవాళ్లలో సాధారణంగా పూడుకునేది ఈ కింది గొట్టమే. నలభై దాటిన ఆడవాళ్లలో ఇది ఎక్కువ.

ఆపరేషన్ ఎలా?

పూడుకున్న కన్నీటి దారికి డీసీఆర్ అనే ఆపరేషన్ చేస్తారు. అందులో సంచి పక్కనున్న ఎముకను కొంత తొలగించి, సంచిని నేరుగా ముక్కులోకి తెరుస్తారు. ముక్కు పక్కన చర్మం కోసి చేసే పద్ధతిని 1904లో ఇటలీ వైద్యుడు టోటి వివరించారు. ఎండోస్కోపీ పద్ధతి 1989 తర్వాత వ్యాప్తిలోకి వచ్చింది. 4 మి.మీ. మందమున్న ఎండోస్కోపును ముక్కులోంచే పంపుతారు కాబట్టి ముఖం మీద మచ్చ పడదు. చేయి తిరిగిన సర్జన్ చేస్తే రెండింటిలోనూ సుమారు 90 శాతం మందికి గుణం కనిపిస్తుంది.

ట్యూబు అందరికీ వేయాలా?

అక్కర్లేదు. తెరిచిన దారి మళ్లీ పూడకుండా స్టెంట్‌గా వాడే సిలికాన్ ట్యూబు మందం సుమారు 0.64 మి.మీ. కింది గొట్టం మాత్రమే పూడుకున్నవారిలో ట్యూబు వేసినా వేయకపోయినా ఫలితంలో పెద్ద తేడా లేదని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. నాళాలు ఇరుకైనవారికీ, ఒకసారి ఆపరేషన్ విఫలమైనవారికీ అది మేలు చేస్తుంది. సాధారణంగా 4 నుంచి 12 వారాలకు తీసేస్తారు. ఎక్కువకాలం ఉంచితే రెప్ప అంచున ఉన్న రంధ్రం చీలవచ్చు, లోపల కండ పెరగవచ్చు.

పసిపిల్లల సంగతి వేరు. సుమారు 90 శాతం మందికి ఏడాది లోపే దారి దానంతటదే తెరుచుకుంటుంది. డాక్టరు చూపినట్టు కంటి మూల నుంచి కిందికి మర్దన చేస్తే చాలు.

తిరుపతిలో అరవింద్ కంటి ఆస్పత్రి ఉంది. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ ఆస్పత్రిలో కన్నీటి దారి జబ్బులకే ప్రత్యేక విభాగం నడుస్తోంది. ఎక్కడికి వెళ్లినా మూడు ప్రశ్నలు అడగండి: అడ్డం ఎక్కడుంది? నాకు ట్యూబు ఎందుకు? ఎప్పుడు తీస్తారు? తీసే తేదీని చీటీ మీద రాయించుకోండి. ట్యూబు కంటి మూలన బయటికి జారితే లాగకండి, కత్తిరించకండి. చెంపకు టేపుతో అంటించి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.